ప్యాచ్ పంపినోళ్లు, ప్యాచ్ చదివినోళ్లు: పోస్ట్‌గ్రెస్ చరిత్ర

పోస్టు పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

మన గ్రూపులో పోరాటాల చరిత్ర, ఊర్ల చరిత్ర, ఇంటిపేర్ల చరిత్ర చాలామంది బాగా రాస్తున్నారు. నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అందుకని నాకు తెలిసిన వైపు నుంచి, ఒక సాఫ్ట్‌వేర్ చరిత్ర రాస్తున్నా. దాని పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. పలకడం కష్టమని అందరూ పోస్ట్‌గ్రెస్ అనే అంటారు.

ఇది డేటాబేస్. అంటే సమాచారాన్ని పట్టికల్లో దాచి, అడగ్గానే తప్పు లేకుండా తీసి ఇచ్చేది. హాస్టల్‌లో హాజరు రిజిస్టర్ ఉంటుంది కదా, అలాంటిదే అనుకోండి. కాకపోతే ఈ రిజిస్టర్‌లో ఒకేసారి వేలమంది రాస్తుంటారు, వేలమంది చదువుతుంటారు, మధ్యలో కరెంటు పోయినా ఒక్క అక్షరం చెదరకూడదు. ప్రపంచం మొత్తం జనం చేత్తో గీస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం ఉంది. అందులో ఎవరైనా మన గూడెం పేరు చేర్చితే ఆ పేరు వెళ్లి కూర్చునేది పోస్ట్‌గ్రెస్‌లోనే. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, కోడ్ మొత్తం ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు.

ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఏ ఒక్క కంపెనీదీ కాదు. మరి ఎలా నిలబడింది? బాగా కోడ్ రాసేవాళ్లు దొరికారు కాబట్టి అని చాలామంది అంటారు. అది సగం నిజం. ఒకరు రాసిన దాన్ని ఇంకొకరు కూర్చుని, ఓపిగ్గా చదివారు. చదివేవాళ్లు చాలనప్పుడు పని దాదాపు ఆగిపోయే దాకా వచ్చింది. అప్పుడు చదవడానికే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఈ పోస్టు ఆ రెండో సగం గురించి.

ముందు ప్యాచ్ అంటే ఏంటో చెప్పాలి. ప్యాచ్ అంటే అతుకు. పాతకాలం కంప్యూటర్లకు ప్రోగ్రాములు చిల్లులు పొడిచిన కాగితం పట్టీల మీద ఉండేవి. తప్పు దొర్లితే ఆ ముక్క కత్తిరించి, కొత్త ముక్క అతికించేవాళ్లు. మన అమ్మమ్మలు బొంతకు వేసే అతుకు లాంటిదే. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డిఫ్ అనే చిన్న ప్రోగ్రాము తయారైంది. రెండు ఫైళ్లు ఇస్తే ఏ లైను తీసేశారు, ఏ లైను కొత్తగా పెట్టారు అని చూపిస్తుంది. 1985లో లారీ వాల్ అనే ఆయన ప్యాచ్ అనే ప్రోగ్రాము రాశాడు. డిఫ్ చూపించిన తేడాను తీసుకుని పాత ఫైలుకు అతికించడం దాని పని. దీనివల్ల ఏమైందంటే, లక్షల లైన్ల ప్రోగ్రామును మొత్తం పంపక్కర్లేదు. మార్చిన పది లైన్లు పంపితే చాలు. తీసేసిన లైను ముందు మైనస్, చేర్చిన లైను ముందు ప్లస్. ఎక్కడో ఉన్న మనిషి దాన్ని చదివి, నచ్చితే తన దగ్గర అతికించుకుంటాడు. ఒకరి మొహం ఒకరు చూడకుండా కలిసి పనిచేయడానికి దారి అలా పడింది.

ఇక పోస్ట్‌గ్రెస్ సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో 1970ల్లో మైఖేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనే ఇద్దరు ఇంగ్రెస్ అనే డేటాబేస్ మొదలుపెట్టారు. డీబీఎంఎస్ పేపర్ చదివినవాళ్లకు ఆ పేరు తగిలే ఉంటుంది. ఇంగ్రెస్ తర్వాత వచ్చింది కాబట్టి కొత్తదానికి పోస్ట్‌గ్రెస్ అని పేరు. ఆ పని 1986లో మొదలైంది. స్టోన్‌బ్రేకర్‌కు తర్వాత కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు కూడా వచ్చింది. కానీ బర్క్‌లీ వాళ్లది పరిశోధన. బయట వాడేవాళ్లు పెరిగేకొద్దీ వాళ్ల ఫిర్యాదులకు జవాబులు చెప్పడంతోనే పరిశోధన సమయం పోతోందని, వెర్షన్ 4.2తో ఆపేశారు.

1994లో అక్కడి విద్యార్థులే ఇద్దరు, ఆండ్రూ యూ, జాలీ చెన్, దానికి ఎస్‌క్యూఎల్ భాష చేర్చి పోస్ట్‌గ్రెస్95 పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇద్దరూ చదువు అయ్యాక వెళ్లిపోయేవాళ్లే. వాళ్ల తర్వాత ఎవరు చూస్తారు అన్న ప్రశ్న వచ్చింది. కొద్దికొద్ది సమయం ఇచ్చే చాలామంది కంటే, ఎక్కువ సమయం ఇచ్చే కొద్దిమంది దీనికి కావాలని జాలీ చెన్ అన్నాడట. అప్పటికి దాంట్లో సుమారు రెండున్నర లక్షల లైన్ల కోడ్ ఉంది.

1996 జూలైలో కెనడా నుంచి మార్క్ ఫోర్నియర్ తన సర్వర్ ఇచ్చాడు. అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి బ్రూస్ మోంజియన్, కాలిఫోర్నియా నుంచి థామస్ లాక్‌హార్ట్, రష్యాలోని క్రాస్నోయార్స్క్ నుంచి వదిమ్ మిఖేయెవ్ చేరారు. సైబీరియాలో ఒకాయన, అమెరికాలో ఒకాయన. మధ్యలో ఉన్నది ఈమెయిల్, డిఫ్, ప్యాచ్ మాత్రమే. ఆ ఏడాదే పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. 1997 జనవరిలో 6.0 వచ్చింది. 1999లో 6.5 వచ్చింది. అందులో వదిమ్ చేసిన పెద్ద మార్పు ఉంది: ఒకరు రాస్తుంటే చదివేవాళ్లు ఆగక్కర్లేదు, చదువుతుంటే రాసేవాళ్లు ఆగక్కర్లేదు. ఇవాళ్టికీ పోస్ట్‌గ్రెస్‌కు అదే వెన్నెముక.

ఆ రోజుల్లో పద్ధతి చాలా సాదా. ఎవరైనా ప్యాచ్ తయారుచేసి అందరికీ కనిపించేలా ఈమెయిల్ పెడతారు. అసలు కోడ్‌లో మార్పు చేసే హక్కు కొద్దిమందికే ఉంటుంది. వాళ్లను కమిటర్లు అంటారు. వాళ్లలో ఒకరు చదివి, బాగుంటే చేరుస్తారు. జవాబు రాని ప్యాచ్‌లు పోకుండా బ్రూస్ మోంజియన్ ఒక వరుసలో పెట్టి దాచేవాడు. చిన్న గుంపుకు ఇది సరిపోయింది.

గుంపు పెద్దదయ్యాక ఇబ్బంది మొదలైంది. రాసేవాళ్లు పెరిగినంత వేగంగా చదివేవాళ్లు పెరగలేదు. ప్యాచ్‌కు ఇంకో గుణం ఉంది. అది ఆగితే పాడైపోతుంది. మనం ప్యాచ్ రాసింది నిన్నటి కోడ్‌కు. ఈలోపు ఆ కోడ్ మారిపోతుంది. పిల్లాడికి పోయినేడు కొలతలు తీసి కుట్టించిన చొక్కా ఈ ఏడు పట్టనట్టే, ఆ ప్యాచ్ అతకదు. మళ్లీ కూర్చుని సరిచేయాలి. మళ్లీ ఎదురుచూడాలి. అలా రెండుమూడుసార్లు అయ్యాక కొత్తవాళ్లు చెప్పకుండానే వెళ్లిపోతారు. దరఖాస్తు ఇచ్చి, అది ఏ టేబుల్ మీద ఉందో తెలియక ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. కాదన్నా బాగుండేది, ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధ.

8.3 వెర్షన్ దగ్గర ఇది బయటపడింది. కొత్త పనులు తీసుకోవడం 2007 ఏప్రిల్ నాటికి ఆపేశారు. ఇక ఉన్నవి చదివి, పరీక్షించి విడుదల చేయడమే మిగిలింది. కానీ చదవాల్సినవి కుప్పగా ఉన్నాయి. వాటిలో మన దేశానికి చెందిన పవన్ దియోలసీ చేసిన పెద్ద ప్యాచ్ ఒకటి. దాన్ని హాట్ అని పిలుస్తారు. ఒక వరుసలో చిన్న మార్పు చేసినప్పుడల్లా ఇండెక్సులన్నీ ముట్టుకోవాల్సిన అవసరాన్ని చాలాచోట్ల తప్పించింది అది. మంచి పనే. కానీ డేటాబేస్ లోపలి గుండెకాయను తాకే పని. తప్పు జరిగితే జనం డేటా పోతుంది. టామ్ లేన్ అనే సీనియర్ కమిటర్ దాన్ని చదివి, సరిచేసి, సెప్టెంబర్‌లో చేర్చాడు. 8.3 బయటికి వచ్చింది 2008 ఫిబ్రవరి 4న. తలుపు మూశాక పది నెలలు. ఆ పది నెలలూ కొత్తగా ప్యాచ్ తెచ్చినవాళ్లు బయటే నిలబడ్డారు.

దాంతో 2008 మార్చిలో కమిట్‌ఫెస్ట్ అనే పద్ధతి మొదలుపెట్టారు. సంతలాంటిది అనుకోండి. కొంతకాలం అందరూ తమ పని చేసుకుంటారు. తర్వాత ఒక నెల కొత్త కోడ్ రాయడం పక్కనపెట్టి, వచ్చిన ప్యాచ్‌లన్నీ ఒకచోట పెట్టుకుని చదువుతారు. ప్రతి ప్యాచ్‌కూ ఏదో ఒక జవాబు రావాలి. ఇప్పుడు ఏడాదికి ఐదు నడుస్తున్నాయి: జూలై, సెప్టెంబర్, నవంబర్, జనవరి, మార్చి. మొదట్లో ఒక వికీ పేజీలో పట్టిక రాసుకునేవాళ్లు. 2009లో రాబర్ట్ హాస్ దానికోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేశాడు. దాంట్లో ప్రతి ప్యాచ్ ఎక్కడుందో ఎవరైనా చూడొచ్చు: చదవాల్సి ఉంది, రాసినవాళ్ల జవాబు కోసం ఆగింది, కమిటర్ చూడటానికి సిద్ధం, చేరింది, సలహాలతో వెనక్కి ఇచ్చారు, వద్దన్నారు. దరఖాస్తు ఏ టేబుల్ మీద ఉందో ఊరంతటికీ కనిపిస్తుందన్నమాట.

దీంతోపాటు ఒక నియమం వచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. నువ్వు ఒక ప్యాచ్ పంపితే, దాదాపు అంతే కష్టం ఉన్న ఇంకొకరి ప్యాచ్ నువ్వు చదవాలి. మన ఊళ్లలో బదులు పని ఉంటుంది కదా. ఇవాళ మీ చేనుకు నేనొస్తా, రేపు మా చేనుకు మీరు రావాలి. డబ్బు లేదు, లెక్క మాత్రం ఉంది. సరిగ్గా అదే. దీన్ని పెద్ద చదువుల వాళ్లు వేరే దేశంలో కొత్తగా కనిపెట్టాల్సి వచ్చింది, మన తాతలకు మాత్రం మామూలు సంగతి.

చదవడం అంటే ఏంటి? కమిటర్ అంత తెలివి ఉండాలా? అక్కర్లేదు. చదవడానికి మెట్లు పెట్టుకున్నారు. మొదటి మెట్టు, ప్యాచ్ ఇవాళ్టి కోడ్‌కు అతుకుతోందా? రెండోది, కంపైల్ అవుతోందా, ముందే రాసిపెట్టిన పరీక్షలన్నీ పాసవుతున్నాయా? మూడోది, చేస్తానన్న పని నిజంగా చేస్తోందా? ఖాళీ విలువ ఇస్తే, తప్పు విలువ ఇస్తే, చాలా పెద్ద సంఖ్య ఇస్తే ఏమవుతోంది? నాలుగోది, వాడేవాళ్ల కోసం డాక్యుమెంటేషన్ రాశారా, రాసింది అర్థమవుతోందా? ఐదోది, దీనివల్ల వేగం తగ్గుతోందా? ఆ తర్వాతే కోడ్ ఎలా రాశారు, మొత్తం నిర్మాణంలో ఇముడుతుందా అన్న పెద్ద ప్రశ్నలు. మొదటి నాలుగు మెట్లు సీ భాష కొద్దిగా, ఎస్‌క్యూఎల్ బాగా తెలిసిన డిగ్రీ విద్యార్థి ఎక్కగలడు. అవి చేసిపెడితే సీనియర్లకు గంటల కొద్దీ సమయం మిగులుతుంది. ఇప్పుడు మొదటి రెండు మెట్లు చాలావరకు యంత్రాలే చేస్తున్నాయి. 2004లో ఆండ్రూ డన్‌స్టన్ మొదలుపెట్టిన బిల్డ్‌ఫార్మ్‌లో రకరకాల కంప్యూటర్లు చేరిన కోడ్‌ను పరీక్షిస్తూ ఉంటాయి. న్యూజిలాండ్‌కు చెందిన థామస్ మున్రో చేసిన ఇంకో ఏర్పాటు, ఇంకా చేరని ప్యాచ్‌లను కూడా పరీక్షిస్తుంది. కానీ మూడు, నాలుగు మెట్లకు ఇప్పటికీ మనిషే కావాలి.

పద్ధతి పెట్టగానే అంతా సర్దుకోలేదు. 2008 నవంబర్‌లో పెట్టిన కమిట్‌ఫెస్ట్ నెలలో ముగియలేదు, తర్వాతి ఏడాదిలోకి నెలల తరబడి సాగింది. అందులో రెండు పెద్ద ప్యాచ్‌ల కథ చెప్పుకోవాలి.

ఒకటి సైమన్ రిగ్స్ చేసిన హాట్ స్టాండ్‌బై. అసలు సర్వర్ పక్కన నకలు సర్వర్ ఉంటుంది. ఆ నకలు నుంచి కూడా చదువుకోనివ్వడం దీని పని. అందరికీ కావాల్సిందే. అయినా 8.4కు సిద్ధంగా లేదని పక్కన పెట్టారు. ఆయన మానలేదు, ఇంకో ఏడాది పనిచేశాడు. జపాన్‌కు చెందిన ఫుజీ మసావో చేసిన స్ట్రీమింగ్ రెప్లికేషన్‌తో కలిసి అది 2010 సెప్టెంబర్‌లో 9.0లో వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌ను పెద్ద పనులకు నమ్మకంగా వాడటం పెరగడానికి ఈ రెండూ పెద్ద కారణం.

రెండోది జపాన్‌కే చెందిన కైగాయి కోహెయి భద్రత కోసం చేసిన ప్యాచ్. చాలా పెద్దది. దాన్ని పూర్తిగా చదివి బాధ్యత తీసుకోవాలంటే డేటాబేసూ తెలియాలి, లినక్స్ భద్రతా వ్యవస్థా తెలియాలి. రెండూ తెలిసిన రివ్యూయర్లు దొరకలేదు. అది చేరలేదు. తర్వాత పనిని చిన్న ముక్కలుగా విడగొట్టారు. అసలు కోడ్‌లో చిన్న కొక్కేలు పెట్టి, మిగతాదంతా బయట తగిలించే మాడ్యూల్‌గా మార్చారు. అలా 2011లో 9.1తో పాటు వచ్చింది. చదివేవాళ్ల చేతికి పట్టేంత ముక్క ఇవ్వడం కూడా రాసేవాళ్ల బాధ్యతే అని దీని అర్థం.

మెర్జ్ కథ ఇంకా పొడుగు. ఈ రికార్డు ఉంటే మార్చు, లేకపోతే కొత్తగా చేర్చు అని ఒకే ఆదేశంలో చెప్పడం మెర్జ్. 2010లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఒక విద్యార్థి దీనిమీద పనిచేశాడు, అది చేరలేదు. 2018 ఏప్రిల్ మొదట్లో, తలుపు మూసే ముందు, పవన్ దియోలసీ, సైమన్ రిగ్స్ చేసిన ప్యాచ్ చేరింది. చేరిన తర్వాత కూడా వేరేవాళ్లు చదివి లోపలి నిర్మాణం మీద అభ్యంతరాలు చెప్పారు. పది రోజులు దాటకుండానే దాన్ని వెనక్కి తీసేశారు. చేర్చింది ఎంతో సీనియర్ కమిటర్. అయినా తీశారు. తీసిన కారణాలన్నీ రాతలో ఉన్నాయి. ఆ రాతల మీద నుంచే మళ్లీ పని జరిగి, ఆల్వారో హెర్రెరా చేతుల మీదుగా 2022లో చేరింది. అక్టోబర్‌లో వెర్షన్ 15తో జనం చేతికి వచ్చింది. ఆ ఆదేశం ముందు ప్యాచ్ రాసినవాళ్ల పేర్లతోనే వచ్చింది. తిరస్కరణ అంటే అక్కడ ముగింపు కాదు, తర్వాతి వెర్షన్‌కు కావాల్సిన నోట్సు.

ఇప్పుడు మన సంగతి. ఇలాంటి చోట కులం అడగరు, సర్టిఫికెట్ అడగరు, ఏ కాలేజీ అని అడగరు, ప్యాచ్ ఒక్కటే చూస్తారు అని మా క్లాసులో ఒకరిద్దరు గొప్పగా చెప్తుంటారు. అడగరు, నిజమే. కానీ అడగనంత మాత్రాన అందరూ ఒకే గీత దగ్గర నిలబడ్డట్టు కాదు. మాట్లాడేదంతా ఇంగ్లిష్‌లో. లాప్‌టాప్ కావాలి. నలుగురం ఒక లాప్‌టాప్ పంచుకునే గదిలో, రాత్రి తొమ్మిది తర్వాత నెట్ వచ్చే ఊళ్లో, ఏళ్ల తరబడి ఒక ప్యాచ్ పట్టుకుని కూర్చోవడం తేలిక కాదు. ఇవాళ పెద్ద ప్యాచ్‌లు రాసేవాళ్లలో చాలామందికి అదే ఉద్యోగం, కంపెనీలు జీతం ఇస్తాయి. కమిటర్లు ఇప్పటికీ పదుల్లోనే ఉన్నారు. జాలీ చెన్ 1996లో అడిగిన ఎక్కువ సమయం అనేది అందరి దగ్గరా ఉండే ఆస్తి కాదు. ఇది దాచి, తలుపు తెరిచే ఉంది పదండి అంటే అబద్ధం చెప్పినట్టే.

అయినా ఈ చరిత్రలో మనకు పనికొచ్చేది ఉంది. వాళ్లకు ఇప్పటికీ కొరత రాసేవాళ్లది కాదు, చదివేవాళ్లది. ఒక్కో కమిట్‌ఫెస్ట్‌లో ప్యాచ్‌లు వందల్లో ఉంటాయి. ఒక ప్యాచ్ చేరినప్పుడు ఆ రికార్డులో రాసినవాళ్ల పేరు పక్కనే చదివినవాళ్ల పేరు కూడా ఉంటుంది. కొన్నేళ్లుగా ప్రతి పెద్ద వెర్షన్ విడుదల నోట్స్ చివర అందరి పేర్లూ వేస్తున్నారు: రాసినవాళ్లు, చదివినవాళ్లు, పరీక్షించినవాళ్లు, తప్పు చూపించినవాళ్లు. వరుస అక్షరక్రమంలో. పెద్ద పని చేసినవాళ్ల పేరుకు పెద్ద అక్షరాలు లేవు.

మొదటి తరం చదువుకునేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, నాతో కలిపి. అంతా వచ్చాకే నోరు తెరవాలి అనుకుంటాం. ప్రశ్న అడిగితే సీటు ఎలా వచ్చిందో గుర్తుచేస్తారేమో అని భయం. పోస్ట్‌గ్రెస్ చరిత్ర చూస్తే, తెలిసినవాళ్లే ఒకరి తప్పు ఒకరు ఇరవై ఏళ్లకు పైగా అందరి ముందూ చూపించుకుంటూ వచ్చారు. సైమన్ రిగ్స్ ప్యాచే వెనక్కి వచ్చినప్పుడు, మనది వెనక్కి రావడంలో వింత ఏముంది? ఇది ఇక్కడ అర్థం కావడం లేదు, ఈ విలువ ఇస్తే ఆగిపోతోంది అని సూటిగా రాయడమే అక్కడ పని. అది చేతగానితనం కింద లెక్కకు రాదు.

కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయొచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి పోస్ట్‌గ్రెస్ కోడ్ దించుకుని కంపైల్ చేయండి. ల్యాబ్ సిస్టమైనా చాలు. డాక్యుమెంటేషన్ మీద వచ్చిన ఒక చిన్న ప్యాచ్ తీసుకుని అతికించి చూడండి. ఒకరు ఇంగ్లిష్ చూసుకోండి, ఒకరు ఎస్‌క్యూఎల్ చూసుకోండి. కంప్యూటర్స్ కాని వాళ్లు బదులు పని నియమం ఒక్కటి తీసుకోండి: మీ ప్రాజెక్టు రిపోర్టో, స్కాలర్‌షిప్ దరఖాస్తో, ఈ గ్రూపులో పెట్టబోయే పోస్టో ముందు ఇంకొకరికి చదవమని ఇవ్వండి. వాళ్లది మీరు చదవండి. బాగుంది అని ఊరుకోకుండా, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి.

ఈ పోస్టు కూడా అలాగే చదవండి. అర్థం కాని చోటు ఉంటే కింద రాయండి. ఎవరైనా అన్నలు, అక్కలు ఇప్పటికే ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేస్తుంటే మీ అనుభవం చెప్పండి, వెనక వచ్చేవాళ్లకు దారి తెలుస్తుంది.

జోహార్.